పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఎదురుగా లేని లినక్స్ యంత్రాన్ని ఆపడం

ఈసారి అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే పని గురించి వచ్చాయి: ఎదురుగా లేని లినక్స్ కంప్యూటర్‌ను ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా మరో యంత్రంలోకి భద్రంగా లాగిన్ అయ్యే ప్రోగ్రామ్) ద్వారా ఆపడం. కాబట్టి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాను. కమాండ్లను పలికే తీరులో తెలుగు లిపిలోనే రాస్తున్నాను గానీ, కీబోర్డు మీద వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతోనే కొట్టాలి. 'అడ్డగీత' అన్నచోట మైనస్ గుర్తు అని గ్రహించగలరు. 'టెర్మినల్' అంటే కమాండ్లు కొట్టే కిటికీ, 'సుడో' అంటే దాని పక్కన రాసిన కమాండ్‌ను నిర్వాహకుడి హోదాలో నడిపేది.

ప్రశ్న: మేడ మీద గదిలో నాకొక లినక్స్ కంప్యూటర్ ఉంది. దానికి మానిటరు గానీ కీబోర్డు గానీ లేవు. కింద ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయి పని చేసుకుంటాను. రాత్రి దాన్ని ఆపాలంటే మాత్రం మెట్లెక్కి వెళ్లి, పవర్ బటన్‌ను ఆరిపోయేదాకా నొక్కి పట్టుకుంటున్నాను. కింద నుంచే ఒక్క వరుసతో ఆపే వీలుందా? ఎస్‌ఎస్‌హెచ్, యంత్రం పేరు, సుడో పవర్‌ఆఫ్ అని ఒకే వరుసలో కొట్టి చూశాను. పాస్‌వర్డ్ చదవడానికి టెర్మినల్ కావాలని ఏదో చెప్పి ఊరుకుంది.

జవాబు: వీలుంది. అయితే ముందుగా ఆ బటన్ సంగతి చెప్పాలి, ఎందుకంటే మీరు ప్రతి రాత్రీ చేస్తున్నది షట్‌డౌన్ కాదు, కరెంటు తీగ పీకేయడం లాంటిదే. పవర్ బటన్‌ను ఒక్కసారి నొక్కి వదిలితే ఆ సంకేతం ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందుతుంది, ఈనాటి లినక్స్‌లు చాలావరకు దాన్ని 'పద్ధతిగా ఆగిపో' అన్న కోరికగానే తీసుకుంటాయి. అదే బటన్‌ను దాదాపు 4 సెకన్లు నొక్కి పట్టుకుంటే మదర్‌బోర్డే విద్యుత్తును కోసేస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నల్‌కు కబురు కూడా ఉండదు. మీరు సేవ్ చేసిన ఫైల్ వెంటనే డిస్కు మీదికి చేరుతుందని అనుకుంటాం గానీ, నిజానికి అది కొంతసేపు మెమొరీలోనే ఉంటుంది. కెర్నల్ మామూలు అమరికల్లో ఆ గడువు 30 సెకన్ల దాకా ఉండవచ్చు. ఇప్పటి ఫైల్ సిస్టమ్‌లు జర్నల్ (డిస్కు మీద చేసే మార్పుల చిట్టా) రాసుకుంటాయి కాబట్టి డిస్కు నిర్మాణం చెడిపోవడం అరుదే, కానీ మీరు ఆఖరి అరనిమిషంలో రాసిన డేటాకు జర్నల్ పూచీ పడదు. డేటాబేస్ ఏదైనా నడుస్తూ ఉంటే చెప్పనే అక్కరలేదు.

ఇక మీ అసలు ఇబ్బంది. ఎస్‌ఎస్‌హెచ్‌కు యంత్రం పేరు ఒక్కటే ఇస్తే అది అవతల ఒక షెల్ (కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రామ్) తెరిచి, దానికి ఒక కృత్రిమ టెర్మినల్‌ను జోడిస్తుంది. పేరు పక్కన కమాండ్ కూడా ఇచ్చారనుకోండి, 'ఇది ఒక్క పని చేసి వెళ్లిపోయే కబురు, దీనికి టెర్మినల్ ఎందుకు' అనుకుని ఆ జోడింపు మానేస్తుంది. సుడో పాస్‌వర్డ్ అడగాలంటే, కొట్టే అక్షరాలు తెర మీద కనబడకుండా దాచాలంటే టెర్మినల్ తప్పనిసరి. అది లేకపోయేసరికి పని మానేసింది. ఎస్‌ఎస్‌హెచ్ తర్వాత 'అడ్డగీత టి' చేర్చండి: 'ఎస్‌ఎస్‌హెచ్, అడ్డగీత టి, యంత్రం పేరు, సుడో పవర్‌ఆఫ్'. అప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇవ్వగానే మేడ మీద ఫ్యాను చప్పుడు ఆగడం మీకు కింద నుంచే వినిపించవచ్చు.

పవర్‌ఆఫ్ బదులు షట్‌డౌన్ వాడడం నాకు ఇష్టం, దానికి కారణముంది. 'షట్‌డౌన్ అడ్డగీత హెచ్ నౌ' అంటే ఉన్నపళంగా ఆపమని. 'నౌ' బదులు 'ప్లస్ 10' అంటే పది నిమిషాల తర్వాత ఆపమని, '23:30' అంటే రాత్రి పదకొండున్నరకు ఆపమని. సమయమేమీ చెప్పకపోతే సిస్టమ్‌డీ (వెనక నడిచే సర్వీసులను మొదలుపెట్టి, ఆపే ఏర్పాటు) ఉన్న లినక్స్‌లు ఒక నిమిషం గడువు వాటంతట అవే పెట్టుకుంటాయి. గడువు పెట్టిన షట్‌డౌన్‌ను 'షట్‌డౌన్ అడ్డగీత సి' అని రద్దు చేసుకోవచ్చు, 'నౌ' అన్నదాన్ని మాత్రం వెనక్కి తీసుకోలేం. లాగిన్ అయి ఉన్నవాళ్లందరి టెర్మినళ్ల మీదా హెచ్చరిక కనబడుతుంది కూడా. ఒక్క చిక్కు గుర్తుంచుకోండి: గడువుకు 5 నిమిషాల ముందు నుంచి యంత్రం మామూలు యూజర్ల కొత్త లాగిన్‌లను రానివ్వదు. కాబట్టి 'ప్లస్ 10' అని పెట్టి, బయటికి వచ్చేసి, ఆఖరి మూడు నిమిషాల్లో మనసు మార్చుకుని రద్దు చేద్దామని వెళ్తే తలుపు మూసి ఉంటుంది. రద్దు చేసే అవసరం రావచ్చనిపిస్తే ఒక సెషన్ తెరిచే ఉంచండి.

'హాల్ట్' అనే కమాండ్ కూడా మీకు తారసపడుతుంది. అది సిస్టమ్‌ను ఆపుతుంది గానీ విద్యుత్తును ఆపకపోవచ్చు. అంటే ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, మీరేమో నెట్‌వర్క్ నుంచి దాన్ని చేరుకోలేరు. దూరాన ఉన్న యంత్రానికి అది పనికిరాదు.

ప్రశ్న: నా లినక్స్ కంప్యూటర్ ముందు కూర్చుని మెనూలోంచి ఆపితే పాస్‌వర్డ్ అడగదు. అదే యూజర్‌గా ఎస్‌ఎస్‌హెచ్‌లో వస్తే అడుగుతుంది. ఈ తేడా ఎందుకు? స్క్రిప్ట్‌తో ఆపాలనుకుంటున్నాను కాబట్టి పాస్‌వర్డ్ బాధ లేకుండా చేయడం ఎలా? ఎకో కమాండ్‌తో పాస్‌వర్డ్‌ను సుడోకు అందించే చిట్కా ఒకటి దొరికింది, అది వాడవచ్చా?

జవాబు: ఆ చిట్కా వాడకండి. అలా రాసిన పాస్‌వర్డ్ మీ షెల్ చరిత్ర ఫైల్‌లో మామూలు అక్షరాల్లో మిగిలిపోతుంది, స్క్రిప్ట్‌లో పెడితే ఆ స్క్రిప్ట్‌ను చదవగలిగిన ప్రతివారి చేతికీ చిక్కుతుంది. ఆపడానికని ఇచ్చిన ఆ పాస్‌వర్డ్‌తో యంత్రంలో ఏ పనైనా చేయవచ్చు.

తేడా ఎందుకంటారా, డెస్క్‌టాప్ మెనూ వెనక పోల్‌కిట్ అనే ఏర్పాటు ఉంది. యంత్రం ముందు కూర్చున్నవాడు ఎలాగూ బటన్ నొక్కగలడు, తీగ పీకగలడు, అలాంటివాణ్ని పాస్‌వర్డ్ అడిగి ఆపేదేముంది అన్నది దాని లెక్క. నెట్‌వర్క్ మీద వచ్చినవాడి దగ్గర ఆ బటన్ లేదు కాబట్టి, యూజర్ పేరు ఒకటే అయినా, అనుమతి చూపించమంటుంది. ముందు కూర్చున్నవాణ్ని కూడా, అదే సమయంలో మరొకరు లాగిన్ అయి ఉంటే, నిలదీస్తుంది. నాకైతే ఇది చాలా సబబైన పద్ధతి అనిపిస్తుంది.

స్క్రిప్ట్ కోసం మీరు చేయవలసింది, ఆపే కమాండ్ ఒక్కదానికే పాస్‌వర్డ్ మినహాయింపు ఇవ్వడం. 'సుడో విసుడో' అని కొట్టి, తెరుచుకున్న ఫైల్ చివర ఒక వరుస చేర్చాలి. అందులో వరుసగా యూజర్ పేరు, ఏ యంత్రం మీద, ఎవరి హోదాలో, పాస్‌వర్డ్ అక్కరలేదన్న గుర్తు, చివరికి కమాండ్ పూర్తి దారి రావాలి. ఉత్త పేరు రాస్తే కుదరదు. ఆ దారి ఏమిటో 'విచ్ పవర్‌ఆఫ్' అని అడిగితే మీ యంత్రమే చెబుతుంది. షట్‌డౌన్‌ను దాని ఆర్గ్యుమెంట్లతో సహా రాస్తే సరిగ్గా అవే ఆర్గ్యుమెంట్లతో పిలిచినప్పుడే మినహాయింపు పనిచేస్తుంది, ఒక్క అక్షరం మారినా మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ ఫైల్‌ను మామూలు ఎడిటర్‌తో కాక విసుడోతోనే ఎందుకు తెరవాలంటే, సేవ్ చేసే ముందు అది వ్యాకరణం సరిచూస్తుంది. ఆ ఫైల్‌లో తప్పు దొర్లితే సుడోయే పనిచేయకుండా పోవచ్చు, దూరాన ఉన్న యంత్రంలో సుడో పోవడమంటే తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్లే.

ఇంకొంచెం జాగ్రత్త కావాలంటే, ఈ పనికే ఒక ప్రత్యేకమైన ఎస్‌ఎస్‌హెచ్ కీల జతను (పాస్‌వర్డ్ బదులు గుర్తింపుగా పనిచేసే రెండు ఫైళ్లు) తయారు చేసుకోండి. అవతలి యంత్రంలో అనుమతించిన కీల ఫైల్‌లో, ఆ కీ వరుసకు ముందు 'కమాండ్' అన్న షరతు రాసి దానికి సుడో పవర్‌ఆఫ్‌ను జోడించి, పక్కనే 'రిస్ట్రిక్ట్' అనే మాట చేర్చండి. ఆ కీతో ఎవరు వచ్చినా, ఏమి కొట్టినా, జరిగేది ఆ ఒక్క పనే. షెల్ దొరకదు. ఆ కీ పొరపాటున ఎవరి చేతికైనా చిక్కితే వాళ్లు చేయగలిగిన గరిష్ఠ నష్టం మీ యంత్రాన్ని ఆపడమే.

ప్రశ్న: సుడో పాస్‌వర్డ్‌ను నెట్‌వర్క్ మీద పంపడం క్షేమమేనా?

జవాబు: ఎస్‌ఎస్‌హెచ్ లోపలైతే క్షేమమే. అసలు ఆ భయం నుంచే అది పుట్టింది. అంతకు ముందు వాడిన టెల్‌నెట్ వంటివి పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్లు తీగ మీద పంపేవి. ఫిన్లాండ్‌లో హెల్సింకీ టెక్నాలజీ విశ్వవిద్యాలయంలో పాస్‌వర్డ్‌ల దొంగతనం జరిగాక, అక్కడే పనిచేస్తున్న టాటూ యులోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ రాశారు. ఈ రోజు దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉండే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 1999లో వచ్చింది. ఒక్కటే షరతు: మొదటిసారి కలిసినప్పుడు అది చూపే వేలిముద్ర వంటి అక్షరాల వరుసను చూడకుండా 'యస్' అనేయకండి, మరో రోజు 'యంత్రం గుర్తింపు మారింది' అని పెద్దగా హెచ్చరిస్తే, మీరే లినక్స్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఉంటే తప్ప, పాస్‌వర్డ్ ఇవ్వకండి.

ప్రశ్న: షట్‌డౌన్ కొట్టగానే నా టెర్మినల్ బిగుసుకుపోతుంది. ప్రాంప్ట్ (తర్వాతి కమాండ్ కొట్టమని చూపే వరుస) రాదు, కంట్రోల్ సి పనిచేయదు. కిటికీ మూసేయడం తప్ప దారి లేదా? స్క్రిప్ట్ నుంచి నడిపితే, యంత్రం ఆగిపోయినా సరే, పని విఫలమైందనే చెబుతోంది.

జవాబు: అవతలి యంత్రం ఆగిపోయే తొందరలో మీకు చెప్పకుండా వెళ్లిపోయింది. షట్‌డౌన్‌లో సర్వీసులు ఒక వరుసలో ఆగుతాయి. మీ ఎస్‌ఎస్‌హెచ్ సెషన్ ముగిసిన తర్వాత నెట్‌వర్క్ ఆగితే, 'అవతలి యంత్రం కనెక్షన్ మూసింది' అన్న వాక్యం వచ్చి మీ ప్రాంప్ట్ మీకు దక్కుతుంది. వరుస తిరగబడి నెట్‌వర్క్ ముందే ఆగిందంటే, వీడ్కోలు చెప్పే ప్యాకెట్ మీదాకా రాదు. మీ ల్యాప్‌టాప్ దృష్టిలో కనెక్షన్ ఇంకా బతికే ఉంది, జవాబు ఆలస్యమవుతోందంతే. డెబియన్ కుటుంబపు లినక్స్‌లలో ఇది కనిపిస్తే 'లిబ్‌పామ్ సిస్టమ్‌డీ' ప్యాకేజీ ఉందో లేదో చూడండి. అది లేనప్పుడు సెషన్లను సిస్టమ్‌డీ విడిగా గుర్తించదు, వాటిని సమయానికి ముగించదు.

బిగుసుకున్న కిటికీ నుంచి బయటపడడానికి ఎంటర్ నొక్కి, టిల్డా గుర్తు, వెంటనే చుక్క కొట్టండి. ఇది అవతలికి వెళ్లే కమాండ్ కాదు, మీ వైపున్న ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్‌కే ఇచ్చే ఆజ్ఞ, కాబట్టి అవతల యంత్రం లేకపోయినా పనిచేస్తుంది. ముందు ఎంటర్ తప్పనిసరి, వరుస మొదట్లో ఉన్న టిల్డానే అది పట్టించుకుంటుంది. మళ్లీ మళ్లీ ఈ అవస్థ ఉంటే మీ వైపు అమరికల ఫైల్‌లో 'సర్వర్ ఎలైవ్ ఇంటర్వెల్' అన్నదానికి 15 ఇవ్వండి. ప్రతి 15 సెకన్లకూ ఒక పలకరింపు వెళ్తుంది, వరుసగా 3 సార్లు జవాబు రాకపోతే, అంటే ముప్పావు నిమిషంలో, ఎస్‌ఎస్‌హెచ్ దానంతట అదే విడిచిపెడుతుంది.

స్క్రిప్ట్ సంగతికి వస్తే, కనెక్షన్ అర్ధంతరంగా తెగినప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ 255 అనే సంఖ్యను తిరిగి ఇస్తుంది. స్క్రిప్ట్‌కు సున్నా తప్ప మిగతావన్నీ వైఫల్యాలే. దీనికి తేలికైన మందు 'నౌ' మానేసి 'ప్లస్ 1' పెట్టడం. షట్‌డౌన్‌కు గడువు నమోదవగానే కమాండ్ ముగిసి, కనెక్షన్ మర్యాదగా మూసుకుని, సున్నా వస్తుంది. యంత్రం మరో నిమిషంలో తన దారిన తాను ఆగుతుంది.

ప్రశ్న: రెండు కిటికీలు తెరిచి ఉండగా పొరపాటున వేరే యంత్రాన్ని ఆపేశాను. ఇలా జరగకుండా ఏదైనా ఏర్పాటు ఉందా?

జవాబు: మీకు తోడు నేనున్నాను. కొన్నేళ్ల కిందట, ఒకే రంగు నేపథ్యంతో నాలుగు కిటికీలు తెరుచుకుని, పరీక్షల యంత్రం అనుకుని, పదిమంది పనిచేసుకుంటున్న యంత్రాన్ని ఆపాను. కమాండ్ కొట్టిన రెండు సెకన్లకు ప్రాంప్ట్‌లో ఉన్న పేరు చదివాను. చదవడం ముందే జరగాల్సింది. ఆ యంత్రం ఉన్న గది తాళం వేరొకరి దగ్గర ఉంది, ఆయన సెలవులో ఉన్నారు. మిగతా కథ మీరు ఊహించుకోగలరు.

డెబియన్, ఉబుంటులలో 'మాలీ గార్డ్' అనే చిన్న ప్యాకేజీ ఉంది. అది షట్‌డౌన్, రీబూట్, పవర్‌ఆఫ్, హాల్ట్ కమాండ్లకు అడ్డంగా నిలబడుతుంది. మీరు ఎస్‌ఎస్‌హెచ్‌లో వచ్చారని గమనిస్తే, 'మీరు ఆపదలచిన యంత్రం పేరేమిటి?' అని అడుగుతుంది. ప్రాంప్ట్ చూసి ఎక్కించకుండా, మీ మనసులో ఉన్న పేరు కొట్టాలి. అది సరిపోతేనే ఆపుతుంది. 'అవునా, కాదా' అని అడిగితే వేలు ఎప్పుడూ అవుననే కొడుతుంది, కానీ పేరు అడిగితే మెదడు ఒక్క క్షణం పనిచేయక తప్పదు. దాని పేరు వెనక ఒక ముచ్చట ఉంది: ఐబీఎం 4341 మెయిన్‌ఫ్రేమ్ ఉన్న చోట ఒక ప్రోగ్రామర్ గారి చిన్న కూతురు మాలీ, ఒకే రోజు రెండుసార్లు ఆ పెద్ద ఎర్ర స్విచ్‌ను నొక్కేసిందట. స్విచ్ మీద ప్లాస్టిక్ మూత బిగించారు, ఆ మూతకు పాప పేరు మిగిలింది. ఒక హెచ్చరిక: ఈ కాపలా స్క్రిప్ట్‌లకు వర్తించకపోవచ్చు. టెర్మినల్ లేకుండా నడిచే కమాండ్లను అది ప్రశ్నించకుండా వదిలేస్తుంది.

ప్యాకేజీ లేనిచోట రెండు చిన్న కమాండ్లు అలవాటు చేసుకోండి. 'హోస్ట్‌నేమ్' యంత్రం పేరు చెబుతుంది. 'డబ్ల్యూ' అన్న ఒక్క అక్షరం కొడితే ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో, ఏమి చేస్తున్నారో, యంత్రం ఎన్నాళ్లుగా నడుస్తోందో కనబడుతుంది. 'ఎన్నాళ్లుగా' అన్న ఆ వరుసలో 400 రోజులని కనిపిస్తే కాస్త ఆగండి. అంతకాలం ఆగని యంత్రంలో, ఎవరో చేత్తో మొదలుపెట్టిన ప్రోగ్రామ్ ఏదో ఒకటి నడుస్తూ ఉండే అవకాశం ఎక్కువ, ఆపి లేపితే అది తిరిగి రాదు.

ప్రశ్న: ఆపడం సరే, దూరం నుంచి మళ్లీ ఆన్ చేయడం ఎలా?

జవాబు: ఈ ప్రశ్న ఆపే ముందే వేసుకోవాలి. ఆగిపోయిన యంత్రంలో ఎస్‌ఎస్‌హెచ్ వినేవాడు ఉండడు.

ఇంట్లో వాడే కంప్యూటర్లకు 'వేక్ ఆన్ ల్యాన్' అనే సౌకర్యం ఉంటుంది. యంత్రం ఆగినా నెట్‌వర్క్ కార్డుకు కొద్దిపాటి విద్యుత్తు అందుతూ, ఒక ప్రత్యేకమైన ప్యాకెట్ కోసం చెవి ఒగ్గి ఉంటుంది. ఆ ప్యాకెట్‌లో ముందు అన్ని బిట్లూ ఒకట్లే అయిన 6 బైట్లు, వెనక ఆ కార్డు మ్యాక్ చిరునామా (కార్డు హార్డ్‌వేర్ గుర్తింపు సంఖ్య) 16 సార్లు, మొత్తం 102 బైట్లు ఉంటాయి. తన చిరునామాను అన్నిసార్లు వినగానే కార్డు యంత్రాన్ని లేపుతుంది. దీనికి బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్‌లో) అనుమతి ఇవ్వాలి. లినక్స్‌లో 'ఈథ్‌టూల్'తో కార్డు పేరిచ్చి చూస్తే 'వేక్ ఆన్' వరుసలో 'జి' అక్షరం ఉండాలి, 'డి' ఉంటే అది నిద్రలేవదు. కొన్ని కార్డులు ప్రతి బూట్‌కూ 'డి'కి తిరిగిపోతాయి కాబట్టి ఆ అమరికను శాశ్వతం చేసుకోవాలి. తీగతో కలిపిన కనెక్షన్ అయితేనే నమ్మకం, వైఫై మీద ఆశ పెట్టుకోవద్దు.

ఈ ప్యాకెట్ అదే స్థానిక నెట్‌వర్క్‌లో తిరుగుతుంది గానీ మామూలుగా రౌటర్ దాటదు. ఊరవతల నుంచి లేపాలంటే అక్కడే ఎప్పుడూ వెలిగి ఉండే మరో చిన్న యంత్రం కావాలి, దానిలోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లి అక్కడి నుంచి ప్యాకెట్ పంపాలి. రౌటర్‌లో దారి తెరిచి బయటి నుంచి నేరుగా పంపే పద్ధతిని నేను సిఫారసు చేయను, ఎవరు పంపారో ఆ ప్యాకెట్ అడగదు. వేక్ ఆన్ ల్యాన్ లేని యంత్రాలకు మరో ఉపాయముంది: బయోస్‌లో 'కరెంటు తిరిగి రాగానే ఆన్ కావాలి' అన్న అమరిక పెట్టి, నెట్‌వర్క్‌తో నడిచే ప్లగ్‌కు తగిలించి, పద్ధతిగా షట్‌డౌన్ అయ్యాక ప్లగ్‌ను ఆపి, కావలసినప్పుడు వెలిగించడం. సర్వర్లకైతే ప్రధాన యంత్రం ఆగినా తాను మేల్కొని ఉండే విడి నిర్వహణ చిప్ ఉంటుంది, దాని చిరునామా, పాస్‌వర్డ్ పనిచేస్తున్నాయో లేదో ముందే చూసుకోండి. అద్దె క్లౌడ్ యంత్రాలను ఆ సంస్థ వెబ్ పేజీ నుంచి లేపుకోవచ్చు. అయితే లోపలి నుంచి ఆపితే అవి ఆగుతాయా, తొలగిపోతాయా అన్నది అమరికను బట్టి ఉంటుంది, ఆగినా అద్దె ఆగకపోవచ్చు.

ప్రశ్న: ఆపమని చెప్పి రెండు నిమిషాలైనా పింగ్‌కు (యంత్రం నెట్‌వర్క్‌లో ఉందా అని అడిగే పలకరింపుకు) జవాబు వస్తూనే ఉంది. ఏం చేయాలి?

జవాబు: ఇంకాసేపు ఆగండి. ఒక సర్వీసు మాట వినకపోతే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు వేచి చూసి, ఆ తర్వాత బలవంతంగా ముగిస్తుంది. అలాంటివి రెండుంటే, ఒకటి ముగిసేదాకా రెండోది మొదలుకాకపోతే, మూడు నిమిషాలు పడుతుంది. ఎక్కువసార్లు దోషి, నెట్‌వర్క్ మీద తగిలించిన డిస్కు ఏదో అవతల లేకుండా పోవడమే. అది పదేపదే జరుగుతుంటే తర్వాత లేచినప్పుడు 'జర్నల్‌సీటీఎల్, అడ్డగీత బి, అడ్డగీత 1, అడ్డగీత ఇ' అని కొట్టి, కిందటి బూట్ ఆఖరి వరుసలు చదవండి. ఏ సర్వీసు మొండికేసిందో పేరుతో సహా అక్కడ ఉంటుంది. లాగ్‌ను డిస్కు మీద దాచుకోని యంత్రాల్లో మాత్రం ఆ వరుసలు యంత్రంతోపాటే పోతాయి.